నేల కాని పచ్చిక

జూన్ 9, సోమవారం
మహదేవపుర దగ్గరి చెరువులో ఫీల్డ్‌వర్క్ మొదలుపెట్టాను. గుర్రపుడెక్క ఇంకా పలచగానే ఉంది. ఒక్కో మొక్కా విడిగా, పొట్టిగా. కాడలు నిమ్మకాయల్లా ఉబ్బి, లోపలి గాలితో తేలుతున్నాయి. గట్టు మీద ఆవును మేపుకునే భాగీరథమ్మ, ఆమె భర్త వెంకటగిరియప్ప పరిచయమయ్యారు. ఈ కలుపు మీద పీహెచ్‌డీ ఏమిటని ఆయన ఒకటే నవ్వు. మజ్జిగ ఇచ్చారు.

ఆగస్టు 21
వానలు, డ్రైనేజీ నీళ్లు. చెరువంతా కమ్మేసింది. పక్కకు జాగా లేక మొక్కలు వెలుగు కోసం పైకి సాగాయి. కాడల ఉబ్బు పోయింది. సన్నగా, నా నడుము దాకా పెరిగాయి. ఒక్కటి విడదీసి నీళ్లలో వేస్తే నిలబడలేక ఒరిగిపోయింది. గుంపులో ఉంటే ఒకదాని ఆసరాతో ఒకటి నిలుస్తాయి. డేటా సూపర్ అని గైడ్ మెసేజ్. గట్టు నుంచి చూస్తే అచ్చం వరిచేను.

సెప్టెంబర్ 3
పచ్చిక అనుకుని ఆవు అందులోకి నడిచింది. వెంకటగిరియప్ప దాని వెనకాలే దిగాడు. నేను అవతలి గట్టున ఉన్నాను. అరిచాను. ఆవు ఈదుకుంటూ వచ్చేసింది.

సెప్టెంబర్ 4
ఇంకా దొరకలేదు. ఫైర్ వాళ్ల బోటు కాడల్లో ఇరుక్కుపోతోంది. కొడవళ్లతో కోసుకుంటూ వెతుకుతున్నారు. భాగీరథమ్మ గట్టు వదిలి రావడం లేదు. నేనూ ఇంటికి వెళ్లలేకపోయాను.

సెప్టెంబర్ 5
దొరికాడు.

సెప్టెంబర్ 19
వాళ్లింటికి వెళ్లాను. ఆవును అమ్మేయమని అందరూ అంటున్నారట. దానికోసమే పోయినాడు, దాన్ని కూడా పంపించేస్తే ఎట్లా అంది భాగీరథమ్మ. నాకు సంగటి పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఆ గిడాలు నేల మాదిరి ఎందుకుండాయి పాపా?"

ఇరుకైతే ఆ మొక్కలు అలా పొడుగ్గా మారతాయని, ఒకదాన్నొకటి ఆపుకుంటాయని చెప్పాను.

"అన్నిటిని ఆపేవి మా ఆయప్పను ఎందుకు ఆపలేదు?"

ఏళ్ల తరబడి ఈ మొక్కనే చదువుతున్నాను. ఆమె నా పళ్లెంలో ఇంకొంచెం సంగటి వేసింది. ఏడుస్తూనే తిన్నాను.

అక్టోబర్ 8
వేరే చెరువు చూసుకోమని గైడ్. కుదరదన్నాను.

నవంబర్ 2, పొద్దున
మిషన్ వచ్చి చెరువు మధ్యలో కలుపు తీసేసింది. భాగీరథమ్మ నా లైఫ్ జాకెట్ అడిగి తొడుక్కుంది. నాతో పాటు పుట్టి పడవ ఎక్కింది. ఆయన దొరికిన చోట ఆపమంది. చెయ్యి మోచేతి దాకా నీళ్లలో పెట్టి చాలాసేపు ఉంచింది.

చల్లగుండాది, అంది.