పురుగు తిన్న ఆకు

అక్కా,

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. పొద్దున నీ ఫొటో ముందు అగరుబత్తి వెలిగించి, దాంతోనే ఒక గులాబీ ఆకుకు చిల్లు పెట్టాను. పురుగు తిన్న ఆకు ఒక్కటైనా లేకపోతే కాగితం పువ్వని ఇట్టే తెలిసిపోతుందని నువ్వనేదానివి. చెడిన ఆకు పెడితే ఎవరు కొంటారని నేను లొల్లి పెట్టేదాన్ని. ఈ ఏడాదంతా చిల్లు లేకుండానే చేశాను.

క్రేప్ కాగితం సాగదీసి సాగదీసి బొటనవేళ్లు లాగుతున్నాయి. పన్నెండు గులాబీలు అయ్యేసరికి మధ్యాహ్నమైంది. జిగురు ఆరాలని సీసాలో గుచ్చి, గడప పక్కన ఎండలో పెట్టి, కాసేపు నడుం వాల్చాను.

లేచేసరికి గడప మీద ఎర్రటి నీళ్లు. మేడ మీద కొత్తగా దిగిన సలీమా చెంబుతో నిలబడి ఉంది.

"ఎండకు వాడిపోతున్నయని నీళ్లు చల్లిన బాజీ. రంగు గిట్ల కారుతుందేంది?"

"గవి కాగితం పూలమ్మా" అన్నాను.

"మరి ఆకును పురుగు తిన్నది గదా!"

కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. సాయంత్రం చాంద్రాయణగుట్ట పెళ్లివాళ్లు వస్తారు. పన్నెండూ మళ్లీ మొదటినుంచి చేయాలి.

నీ ఫొటో ముందు ఇంకో అగరుబత్తి వెలిగించి, ఈసారి అన్నిటికంటే ముందు ఆకుకే చిల్లు పెట్టాను.