చంద్రలోకపు అమ్మవారికి మొక్కు

రాజంపేట, మే 1956, శుక్రవారం రాత్రి

వారపత్రికలో నాలుగేళ్ళుగా నడుస్తున్న నా చంద్రలోకం కథలో, అక్కడ దేవుళ్ళే లేరని మొదట్లో రాశాను. అది మరిచి, నిరుడు నీళ్ళిచ్చే అమ్మవారిని తెచ్చాను. పొరపాటు కప్పిపుచ్చుకోవడానికి ఈ వారం ఆమె ఒట్టి యంత్రమని తేల్చేశాను.

సాయంత్రం పక్కింటి ఓబులమ్మ చంకలో కోడితో వచ్చింది. ప్రతివారం నా భార్య చదువుతుంటే కథ వింటుంది.

"బావిలో నీళ్ళు పడితే కోడిని కోస్తానని ఆయమ్మకు మొక్కుకుంటినప్పా. నిన్న పడినాయి. ఇప్పుడు యంత్రమంటాండావే, మొక్కు ఎవురికి తీర్చాల?"

కథలో అమ్మవారికి మొక్కేమిటని కసిరాను.

"నీళ్ళు నిజమే కదప్పా" అంది. కోడిని మా గుంజకు కట్టేసి వెళ్ళిపోయింది.

అమ్మవారిని మళ్ళీ దేవతను చేస్తే మొదటి భాగాలు అబద్ధమవుతాయి. చేయకపోతే, ఆ నీళ్ళు ఇంకిపోతే... ఛీ, ఏమిటీ భయం? ఆమెను పుట్టించింది నేనే కదా.