మొక్కు డబ్బా

జూన్ 9, సోమవారం

నా కిడ్నీలు బాగున్నాయట. నేనే బాగాలేను. ఆస్పత్రిలో డాక్టర్ అరగంట చెప్పినదానికి అర్థం ఇదే. అక్కకు నా కిడ్నీ ఒకటి ఇద్దామని వెళ్ళాను. ఇద్దరిదీ ఒకటే బ్లడ్ గ్రూప్. కానీ నాకు బీపీ ఎక్కువ. షుగర్ రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చింది. లివర్‌కు కొవ్వు పట్టింది. ఇలాంటి మనిషి దగ్గర కిడ్నీ తీసుకుంటే రేపు తనకు ఒకరు కాదు, ఇద్దరు పేషెంట్లు అవుతారన్నాడు. మూడు నెలల్లో తగ్గి వస్తే మళ్ళీ చూస్తాడట. మిగతా మ్యాచింగ్ టెస్టులు అప్పుడే.

డైటీషియన్ అమ్మాయి మధ్యాహ్నం ఏం తింటారని అడిగింది. నిజమే చెప్పాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మా కోచింగ్ సెంటర్ కిందే బేకరీ. రోజూ చికెన్ సాసేజ్ రోల్. ఆకలి ఎక్కువైతే సలామీ శాండ్‌విచ్ కూడా. ఆ తర్వాత పైకెళ్ళి విజయదుర్గ మేడమ్ క్యారేజీలో చెయ్యి పెడతాను. ఆ అమ్మాయి రాయడం ఆపి, నలభై రెండేళ్ళ వాణ్ణి కాలేజీ కుర్రాణ్ణి చూసినట్టు చూసింది. సాసేజ్, సలామీ, ఆ నిల్వ మాంసాలన్నీ ఇవాళ్టితో బంద్ చేయమంది. ఉప్పు కుప్పలు కుప్పలుగా ఉంటుందట. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోవాలట.

అక్కకు చెప్పలేదు. చెప్తే అసలు ఒప్పుకోదు. మీ ఇంట్లో ఎవరైనా ఇస్తారా అని డాక్టర్ పోయినేడాది అడిగితే, ఎవ్వరు లేరు సార్ అనేసింది. నేను ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను.

జూన్ 10

నా భార్య సంతోషి పొద్దున్నే మొదటి మెట్రో ఎక్కి తను పనిచేసే స్కూలుకు పోతుంది. కాబట్టి డబ్బా నా పనే. జొన్న రొట్టె చేశాను. మధ్యాహ్నానికి అప్పడంలా అయింది అని రాయబోయాను. కానీ అప్పడం విరుగుతుంది.

జూన్ 12, గురువారం

రొట్టె సమస్య కాదు. బల్ల సమస్య.

మా సెంటర్లో ముగ్గురం కలిసి తింటాం. అకౌంట్స్ చూసే విజయదుర్గ మేడమ్‌ది తెనాలి. నా కంటే పదేళ్ళు పెద్ద. నాగార్జున ఫిజిక్స్ చెప్తాడు. అతను డబ్బా తేడు, స్పూన్ తెస్తాడు. మూతలు తీయగానే ఏది ఎవరిదన్న లెక్క ఉండదు. ఉడికించిన శనగల్లో ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం కలిపి ఎంతో ముచ్చటగా తీసుకెళ్ళాను. అబ్బ, భలే ఉన్నాయే అని ఇద్దరూ ఊడ్చేశారు. నా మూతలోకి మేడమ్ బంగాళాదుంప వేపుడు, ఆవకాయ, నెయ్యి వచ్చి పడ్డాయి. వద్దండీ, డాక్టర్ వద్దన్నాడు అన్నాను. ఒక్క ముక్కకేం అవుద్ది సైదులూ, డాక్టర్లు అలాగే అంటారు, మా ఆయనక్కూడా పదేళ్ళ నుంచీ అంటానే ఉన్నారు అంది. ఇంకో గరిటె వేసింది.

తిన్నాను. వేపుడు బ్రహ్మాండంగా ఉంది. అదే నా ఏడుపు.

జూన్ 13

ఇవాళ వంకాయ కూరతో గరిటె నా మీదికి వస్తుంటే నోటికొచ్చింది అనేశాను. మొక్కు ఉందండీ. యాదగిరి నర్సన్నకు. కోరిక తీరేదాకా నా డబ్బాలోదే తినాలి, ఒకరిది ముట్టకూడదు, నాది ఒకరికి పెట్టకూడదు.

గరిటె గాల్లోనే ఆగిపోయింది. మేడమ్ చెంపలేసుకుంది. తెలీక బలవంతం చేశాను నాయనా అంది. నాగార్జున నా శనగల్లోంచి స్పూన్ వెనక్కి తీసుకున్నాడు. కోరిక ఏంటని అడిగితే, చెప్తే ఫలించదన్నాను. సైదులు అని దర్గా పేరు పెట్టుకున్నవాడు నర్సన్నకు మొక్కడం ఏంటని ఎవరూ అడగలేదు. ఈ ఊళ్ళో ఎవరూ అడగరు.

జూన్ 14

డాక్టర్ మాట వినని బల్ల దేవుడి మాట వింటోంది.

జూన్ 24, మంగళవారం

చేయి తిరుగుతోంది. జొన్నపిండిని మరిగే నీళ్ళతో కలిపి, కాల్చిన రొట్టెను వేడి మీదే బట్టలో చుడితే మధ్యాహ్నం దాకా మెత్తగానే ఉంటుంది. పొద్దున లేవలేని రోజు ముందు సాయంత్రమే చంపాపేట్ రోడ్డు మీద పొయ్యి పెట్టుకున్నామె దగ్గర రెండు రొట్టెలు కొంటాను. అందులో కోడిగుడ్డు పొరటు పెట్టి చుట్టేస్తే రోల్ కావాలన్న నా నోటి కక్కుర్తి కూడా తీరుతుంది. పెసరట్టు చల్లారినా బాగుంటుంది, లోపల తురిమిన క్యారెట్ వేస్తే. బొబ్బర్లు రాత్రి నానబెడితే పొద్దున కుక్కర్ పనే. కొర్రన్నంలో పాలకూర పప్పు కలిపితే పెరుగు ఉండాల్సిందే, లేదంటే గొంతు దిగదు. కీరా ముక్కలకు ఉప్పు ముందే వేయకూడదు. వేశాను. బ్యాగులో చెరువైంది. అడ్మిషన్ ఫారాలు ఆరబెట్టుకున్నాను.

జూలై 1

సంతోషి కొత్త స్టీల్ డబ్బా కొనుక్కొచ్చింది. మూడు గిన్నెలది. పాతది కారుతుంది గద అంది. ఆపరేషన్ గురించి ఇప్పటిదాకా అవుననీ కాదనీ అనని మనిషి. నేను దీన్ని అవును కిందే లెక్క వేసుకున్నాను.

జూలై 6, ఆదివారం

ఎల్బీ నగర్ వెళ్ళాను. సుమిత్రక్క మిషన్ మీద జాకెట్లు కుడుతోంది. వారంలో మూడు రోజులు డయాలసిస్, మిగతా రోజులు మిషన్. నన్ను చూడగానే మొదలుపెట్టింది. ఏందిరా గట్ల గుంజుకపోయినవ్, షుగరొచ్చిందా, నిజం చెప్పు, సంతోషి కడుపునిండ పెడ్తలేదా? డైటింగ్ అన్నాను. నీ మొహానికి డైటింగొకటా అని నవ్వింది.

ఈ మధ్య ఏం తింటున్నానో చెప్పమంది. పాలకూర, టమాటా, బొబ్బర్లు, కొబ్బరి అంటూ చెప్తూ పోయి మధ్యలో ఆగిపోయాను. అన్నీ పొటాషియం ఎక్కువని డాక్టర్లు ఆమెకు వద్దన్నవే. నా ఒంటికి మంచి చేసేది ఆమె ఒంట్లో విషం. ఆమె మాత్రం చెప్పు చెప్పు అంటూ కళ్ళు మూసుకుని వింది. టమాటా పప్పు దగ్గర ఎట్ల చేసినవ్‌రా అని రెండుసార్లు చెప్పించుకుంది. నీళ్ళు కూడా కొలిచి తాగే మనిషి. బస్సులో వస్తూ ఏడ్చాను. పక్క సీటాయన జర్దా డబ్బా చేతిలో పెట్టుకుని అటు తిరిగి కూర్చున్నాడు, పాపం.

జూలై 28

డయాలసిస్ మధ్యలో అక్క బీపీ పడిపోయింది. కళ్ళు తేలేసింది. గంట తర్వాత తేరుకుంది. నన్ను చూసి, తిన్నవారా అంది.

జూలై 29

నిన్న ఆస్పత్రి నుంచి వస్తూ బేకరీ దగ్గర సాసేజ్ రోల్ తిన్నాను. రాయలేదు.

జూలై 30

ఒకటి కాదు, ఆ రోజు రెండు తిన్నాను. అది కూడా రాయలేదు.

ఆగస్టు 9, శనివారం

నిన్న వరలక్ష్మీ వ్రతం. ఇవాళ మేడమ్ నా కోసం విడిగా పూర్ణం బూరెలు తెచ్చింది. డబ్బా నిండా. ప్రసాదం నాయనా, ప్రసాదానికి మొక్కు అడ్డం రాదు అంది. నీ కోరిక తీరాలని అమ్మవారి ముందు నీ పేరు కూడా చెప్పుకున్నాను అంది.

నెయ్యి మెరుస్తోంది. తింటే పాడు. వద్దంటే ప్రసాదాన్ని కాదన్నట్టు. దాచి పారేద్దామంటే అంత దుర్మార్గం నాలో లేదు. చెప్పేశాను. మొక్కు లేదండీ, మా అక్కకు కిడ్నీ ఇవ్వాలి, ఒళ్ళు తగ్గితే గానీ తీసుకోరట, మీరు వేస్తే కాదనలేక దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాను అని.

నాగార్జున తల దించుకున్నాడు. మేడమ్ డబ్బా మూసేసింది. నాతో చెప్పొచ్చుగా, నేనేవన్నా పరాయిదాన్నా, దేవుడి మీద పెట్టి అబద్ధవాడతావా అంది. కళ్ళజోడు తుడుచుకుంటూ అకౌంట్స్ రూములోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆగస్టు 11

మేడమ్ బల్ల దగ్గరికి రాలేదు. నా పెసరట్టు ఎలా ఉందో కూడా తెలీలేదు.

ఆగస్టు 13, బుధవారం

వచ్చింది. కూర్చోకుండానే చెప్పింది. నిన్న తెల్లారుజామున యాదగిరిగుట్టకు వెళ్ళొచ్చిందట. ఒక్కతే, బస్సులో. నీ పేరున నేను మొక్కేశాను సైదులూ, ఇప్పుడది అబద్ధం కాదు అంది. మీ అక్క లేచి తిరిగేదాకా నీ డబ్బా నీదే, ఎవరన్నా చెయ్యి పెడితే నాతో చెప్పు అని నాగార్జున వైపు చూసింది. అతను ఆ స్పూన్‌ను జేబులో పెట్టుకున్నాడు.

వంగి కాళ్ళకు దణ్ణం పెట్టబోతే, చాల్లే అన్నం చల్లారిపోద్ది అంది.

సెప్టెంబర్ 9, మంగళవారం

పాస్!

డాక్టర్ రిపోర్టులు రెండుసార్లు తిప్పి చూశాడు. బీపీ బాగుంది, షుగర్ గుమ్మం దిగి వెళ్ళిపోయింది, లివర్ కూడా తేరుకుంది. ఏం చేశారని అడిగాడు. డబ్బా తెచ్చుకున్నానండీ అన్నాను. పదో తరగతి పాసైన రోజు కూడా ఇంత సంతోషం లేదు. మెట్రోలో నిలబడి తెలియనివాళ్ళను చూసి నవ్వాను.

సెప్టెంబర్ 10

అక్కకు చెప్పాను. ఎవర్నడిగి చేసినవ్‌రా అంది. నీకు ఇద్దరు పిల్లలు, నీకేమన్న అయితే సంతోషి ముంగట నేనే మొహంతోని నిలబడాలె అంది. మిషన్ ఆపలేదు. కుడుతూనే తిట్టింది. పొమ్మంది. సాయంత్రం నుంచి ఫోన్ ఎత్తడం లేదు.

సెప్టెంబర్ 13

ఎత్తడం లేదు. ఇవాళ అన్నం, అప్పడం తిన్నాను. దేనికోసం వండుకోవాలి?

సెప్టెంబర్ 14, ఆదివారం

సంతోషి నాకు చెప్పకుండా ఎల్బీ నగర్ వెళ్ళొచ్చింది. వచ్చాక, చెప్పులు విప్పుతూ చెప్పింది.

వదినె, నేనే తినలేని గుగ్గిళ్ళు మూడు నెల్లు తిన్నడు ఈయన, గా కష్టం ఉత్తగ పోనియ్యకుండ్రి అందట. మీరొద్దంటే రేపే పోయి బేకరీ ముంగట నిలబడ్తడు, అప్పుడు నాకు ఇద్దరు రోగిష్టోళ్ళు అందట. అక్క నవ్వలేదట. అప్పుడు ఇంకోమాట కూడా అందట. నాకు భయం లేదనుకుంటున్నరేమో, రోజూ భయమే, నిద్ర పడ్తలేదు, అయినా తీస్కోండ్రి, మీరు లేకుంటే ఈయన మనిషి కాడు.

నాతో ఎప్పుడూ అనలేదు ఈ మాట. నేనెప్పుడూ అడగనూ లేదు. ఇవాళ సంతోషికీ పిల్లలకూ పెసరట్లు నేనే వేశాను.

సెప్టెంబర్ 16

అక్క ఫోన్. హలో లేదు, ఏమీ లేదు. మ్యాచింగ్‌కు ఎన్నడు రావాలె అంది. చెప్పాను. అప్పటిదాక ఒళ్ళు పెంచకు అని పెట్టేసింది.

నవంబర్ 20, గురువారం, పొద్దున

మ్యాచింగ్ కుదిరింది, నిన్న ఇద్దరికీ ఆపరేషన్ అయింది. ఆస్పత్రి మంచం మీద రాస్తున్నాను. అక్షరాలు వంకరగా వస్తున్నాయి. దగ్గకూడదు, నవ్వకూడదు, కుట్లున్నాయి.

నర్సు వచ్చి చెప్పింది. అక్కకు మూత్రం వస్తోందట. రెండేళ్ళుగా చుక్క లేదు. ఆపరేషన్ టేబుల్ మీదే మొదలైందట, ఒక సంచి నిండితే మార్చారట, అదీ నిండిందట. సంతోషి వరండాలో నిలబడి, పెళ్ళి కుదిరినంత గట్టిగా, ఫోన్లో అందరికీ ఇదే చెప్తోంది.

నవ్వాను.