వెండి తాపీకి అంటిన సున్నం

అమ్మకు, నేను కులాసా. నువ్వు భయపడ్డట్టు మ్యూజియంలో వెండి సామాను ఏదీ పోలేదు, నా మీదికి ఏ మాటా రాలేదు, నిశ్చింతగా పడుకో.

నిన్న మాత్రం కొంప మునిగేదే. ఎప్పుడో ఒక వంతెనకు పునాదిరాయి వేసిన పెద్దమనిషికి జ్ఞాపకంగా ఇచ్చిన వెండి తాపీని తుడవమని నాకిచ్చారు. పిడి నిండా లతలు, రేకు మీద ఆయన పేరు. వెనకవైపు బొట్టంత సున్నం గట్టిపడి ఉంది. నీ పెంపకం కదా, మరక కనిపిస్తే నాకు చెయ్యి ఊరుకోదు. గోటితో గీకబోతుంటే మా మేడమ్ పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నారు.

"అది మురికి కాదమ్మా! ఇలాంటి తాపీలు చాలావరకు బీరువా దాటి రావు. ఇది నిజంగా పని చేసిందని చెప్పేది ఆ సున్నమే" అన్నారు. ప్రాణం లేచొచ్చింది, ఇంకా గీకలేదు కనుక.

తమ్ముడికి జ్వరం తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తుంటే నా పాత దుప్పటి పంపు. నాన్న మేస్త్రి పని మానేసి మూతి ముడుచుకు కూర్చుంటున్నాడని, ఆయన తాపీ తోమి అటకెక్కిస్తానని రాశావు. తోమకు. ఇప్పటికే తోమేసి ఉంటే, నేనొచ్చేలోపు పెరటి గోడ బీటలు పూడ్చాలని నా ఆర్డరని చెప్పి ఆయన చేతికివ్వు. పని అయ్యాక మాత్రం కడగనివ్వకు.

నాన్నకు నా నమస్కారం, ఆ తాపీకి ఇంకొకటి.

నీ కూతురు