సుద్దగీతల వంటిల్లు

జూన్ 2, ఆదివారం

ఆయన సరే అన్నారు! పదకొండేళ్లకి! వంటిల్లు మొత్తం పగలగొట్టి కొత్తగా కట్టించుకుందామన్నారు. వెంటనే క్యాలెండర్లో మే నెల చింపి వెనకవైపు ప్లాన్ గీశాను. సింకు కిటికీ కిందకి రావాలి. పదకొండేళ్లుగా గోడకేసి చూస్తూ గిన్నెలు తోముతున్నాను, ఆ గోడ మీద ప్రతి మచ్చా నాకు చుట్టమే. స్టవ్వు కుడి గోడకి. ఫ్రిజ్ గుమ్మం పక్కన. కింద అన్నీ డ్రాయర్లే.

అత్తయ్యకి చూపిస్తే, తారీఖులున్న వైపు చూస్తూ బాగుందమ్మా అన్నారు. పరధ్యానం అనుకున్నాను.

జూన్ 4

ఆఫీసులో ఫైలు కింద దాచుకుని ప్లాన్ ఏడుసార్లు మార్చాను.

జూన్ 6

అత్తయ్య అడ్డం తిరిగారు. కావాలంటే రంగులేయించుకో, స్టవ్వు మాత్రం కదపొద్దు అంటున్నారు. ఎందుకంటే చెప్పరు. నాకు ఒళ్లు మండింది.

జూన్ 8, శనివారం

కార్పెంటర్ వచ్చాడు. కొలవందే కుర్చీలో కూడా కూర్చోడు, అందుకే మా ఇంట్లో అతని పేరు టేపు మాస్టారు. గట్టు కొలవడానికి స్టవ్వుని అడుగున్నర పక్కకి జరిపాడు. మళ్లీ సర్దకుండా హాల్లోకి వచ్చేశాడు.

నేను లోపలికి వెళ్లేసరికి అత్తయ్య పాలగిన్నె ఖాళీ గట్టు మీద పెట్టి ఉన్నారు. వంగి, గాలిలో నాబ్ తిప్పుతున్నారు. నన్ను ఆటపట్టిస్తున్నారనుకుని నవ్వాను. ఆవిడ చెయ్యి ఇంకా వెతుకుతూనే ఉంది.

రెండేళ్లుగా సరిగ్గా కనపడటం లేదట. చెబితే వంటింట్లోకి రానివ్వమని దాచారట. ఈ వంటిల్లయితే చేతులకి తెలుసు కాబట్టి నెట్టుకొస్తున్నారట.

నిజం రాసుకోవాలి. ముందు నాకు జాలి కలగలేదు. నా కిటికీ పోయిందే అనిపించింది. సిగ్గు తర్వాత వచ్చింది.

జూన్ 10

కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. పోయిన చూపు రాదట, ఉన్నది చుక్కల మందుతో నిలబెట్టుకోవచ్చట. ఇంటికొచ్చాక ఆయన, కొత్త వంటిల్లూ వద్దు, అమ్మ వంట చెయ్యడమూ వద్దు అన్నారు. అత్తయ్య భోజనం మధ్యలో లేచి వెళ్లిపోయారు.

జూన్ 11, ఉదయం 5.40

ఐడియా! కట్టకముందే అత్తయ్య నేర్చేసుకుంటే?

అదే రోజు, ఉదయం 8.00

డాబా మీద సుద్దముక్కతో కొత్త వంటిల్లు అసలు సైజులో గీసేశాను. మోకాళ్లు దోక్కుపోయాయి. ఆఫీసుకి లేటు. పోనీ. అత్తయ్యని చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చాను. గీతలు మందంగా ఉంటే మసగ్గా ఆనుతున్నాయట.

ఒక షరతు పెట్టారు. నెలాఖరుకి ఎక్కడా తగలకుండా తిరిగి వంట చేసి చూపిస్తాను, అప్పుడు పగలగొట్టించుకో, లేదా నేనున్నన్నాళ్లూ దాని జోలికెళ్లకు అన్నారు. ఒప్పేసుకున్నాను!

జూన్ 14

టేపు మాస్టారు చూసి ముందు పగలబడి నవ్వాడు. తర్వాత గీత బయట చెప్పులు విడిచి మరీ లోపలికొచ్చాడు. ఫ్రిజ్ తలుపు తెరిస్తే దారికడ్డం వస్తుందని తుడిచి మళ్లీ గీశాడు. ఆ తర్వాత అన్నీ అత్తయ్యనే అడగడం మొదలుపెట్టాడు. సింకుకీ స్టవ్వుకీ మధ్య రెండడుగులే ఉండాలట. గట్టు అంచున వేలికి తెలిసేలా గాడి ఉండాలట. పై అరలకి తలుపులు వద్దట, తెరిచి మర్చిపోతే నుదురు పగులుతుందట. నా ఏడు ప్లాన్లలో ఇందులో ఒక్కటీ లేదు. కాస్త కుళ్లుకున్నాను. అయినా కిటికీ నాదే!

జూన్ 17

అత్తయ్య ఫ్రిజ్‌ని గుద్దుకున్నారు. అంటే గీత తొక్కారు. నేనే అబ్బా అన్నాను. ఇంతలో ఆయన కాఫీ కప్పుతో పైకొచ్చి, సింకు ఉన్న గోడలోంచి నేరుగా నడిచొచ్చారు. గుమ్మం కనపడటం లేదట్రా అని అత్తయ్య కేకలేశారు. ఆయన వెనక్కెళ్లి గుమ్మంలోంచి వచ్చారు. ఇంక వద్దనరు, నాకు తెలుసు.

జూన్ 20

మధ్యాహ్నం నుంచి ఒకటే వాన. ఆఫీసులో ఒక్క పనీ చెయ్యలేదు. నా వంటిల్లు తూముల్లోంచి పోతోంది.

జూన్ 21, ఉదయం 6.00

కొత్త సుద్దముక్క పట్టుకుని పైకెళ్లాను. ఒక్క గీత లేదు. అత్తయ్య అప్పటికే అక్కడున్నారు.

గుమ్మంలోంచి వచ్చారు. ఫ్రిజ్ తలుపు తెరుచుకోవడానికి ఒకడుగు వెనక్కి వేశారు. నా కిటికీ కింద చేతులు కడుక్కున్నారు. తిరిగి, రెండడుగులు. గిన్నె పెట్టి, వంగి, గాలిలో నాబ్ తిప్పారు.

చెయ్యి కదపొద్దన్నాను. పిట్టగోడ నుంచి కొలిచాను. స్టవ్వు సరిగ్గా అక్కడే ఉంది.

టేపు మాస్టారికి ఫోన్ చేశాను. రేపే పగలగొట్టమన్నాను.