ఎత్తు సంగతి

1952 నవంబర్ 11, మంగళవారం
వికారాబాద్ శానిటోరియం

ఈ రోజు నా రీఫిల్. పక్కటెముకల మధ్య సూది గుచ్చి ఛాతీలోకి గాలి ఎక్కించారు. ఆ గాలి క్షయ పట్టిన ఊపిరితిత్తిని నొక్కి పడుకోబెడుతుంది. కదలకుంటే నయమవుతుందట. వారం వారం ఇదే వరస. పక్క మంచం దేవప్ప బషీరాబాద్ గొర్ల కాపరి. యోబు సారుకు పంపు కొట్టిన్రు, ఇగ తాండూరు దాకా ఉరుకుతడు అని అందరినీ నవ్వించాడు. తాండూరులో నేను పాఠాలు చెప్పి ఏడాదైంది.

మా ఆవిడ రాహేలమ్మ ఉత్తరం ఈ వారమూ లేదు. నా జబ్బు వల్లే ఢిల్లీలో నర్సు పనికి పోయింది. రైలెక్కేముందు ఈ పెన్ను నా జేబులో పెట్టి, రాయకుంటే ఊరుకోనంది. నేను రాస్తూనే ఉన్నాను.

నవంబర్ 13

బామ్మర్ది ఏసుదాసు టెలిగ్రాం పట్టుకుని వచ్చాడు. రాహేలమ్మకు టైఫాయిడ్. సీరియస్. వెంటనే రమ్మన్నారు.

అదే రోజు, సాయంత్రం

రైల్లో రెండు రాత్రులు. ఏసుదాసు బేగంపేట విమానాశ్రయంలో సామాన్లు మోస్తాడు. అక్కడి నుంచి ఢిల్లీ ఎనిమిది వందల మైళ్లుంటది బావా, గాలిమోటరుకు ఏడు గంటలే, పొద్దుగాల ఎక్కితే దీపాలు పెట్టే యాళ్లకు అక్క కాడుంటవు అన్నాడు. వాళ్ల ఆఫీసరును బతిమాలి టికెట్ ఇప్పిస్తాడట.

ఏడు గంటలు! నాకు ఏడుపొచ్చింది.

నవంబర్ 14

డాక్టరుగారిని సెలవడిగాను. రైలైతే సరేనన్నారు. విమానమనగానే కుర్చీలోంచి లేచారు. దూరంతో పేచీ లేదట, ఎత్తుతోనే ప్రమాదమట. పైకి పోయేకొద్దీ బయటి గాలి పలచబడుతుంది, లోపల బందీ అయిన గాలి ఉబ్బుతుంది. నా ఛాతీలో ఉన్నది మంగళవారం ఎక్కించిన గాలి. ఉబ్బితే మంచి ఊపిరితిత్తినీ గుండెనూ కూడా నొక్కేస్తుందన్నారు. ఆ గాలి ఇంకిపోవడానికి వారాలు పడుతుందట.

రైల్లోనే పోతానని మాటిచ్చాను. ఆయన చెప్పినంత వివరంగా మా బడి పిల్లలకు నేను ఏ పాఠమూ చెప్పలేదు.

సాయంత్రం

ఏసుదాసుకు ఎత్తు సంగతి చెప్పలేదు. చెబితే టికెట్ చించేస్తాడు.

డాక్టరు మాటలు విన్న దేవప్ప మాత్రం నేను విమానమే ఎక్కబోతున్నానని కనిపెట్టాడు. నా సంచి పట్టుకుని వదల్లేదు. రైలెక్కు సారూ, నీ ఇంటామెను సూసేతందుకు ముందుగాల నువ్వుండాలె గద అన్నాడు. ఆమె రెండు రాత్రులు ఆగుతుందని నువ్వు పూచీ ఉంటావా అని అరిచాను. దగ్గు ముంచుకొచ్చింది. అతనే వీపు నిమిరాడు. నాకు భయంగానే ఉంది. కానీ ఆమె నా కోసం గుమ్మం వైపు చూస్తూ పోతుందేమోనన్న భయం దీనికన్నా పెద్దది.

నవంబర్ 15, ఉదయం
బేగంపేట

బరువు తూచారు. ఒంట్లో బాగుందా అని అడిగారు. బాగుందన్నాను. ఏసుదాసు నా సంచి తానే మోసుకొచ్చి, మాపటికి అక్కకు నువ్వే నీళ్లు తాపాలె బావా అని కళ్లు తుడుచుకున్నాడు.

విమానంలో

చెవులు మూసుకుపోయాయి. రాహేలమ్మ పెన్ను జేబులోనే ఇంకు కక్కింది. పొద్దున సగమే నింపాను, మిగతా సగం గాలి. తుడిచాను. మళ్లీ కారుతోంది. వేళ్లన్నీ నీలం.

విమానం ఇంకా పైకే పోతోంది.