ఒకే పేరు, రెండు పడవలు

తమ్ముడు సాయిబాబుకు,

మీ బావ క్షేమంగా ఇల్లు చేరారు. ముందు ఆ సంగతి చదివి స్థిమితపడు. నువ్వు బాధపడి ఎవరి ఫోనూ ఎత్తడం లేదని అమ్మ చెప్పింది. అందుకే రాస్తున్నాను.

తుఫాను కబురు రాగానే, చేపల వేటలో ఉన్నవాళ్ళ పేర్లు రేవులో ఒకరూ మత్స్యకారుల సంఘంలో ఒకరూ విడివిడిగా రాశారు. నువ్వు చేసిన ప్రోగ్రాం ఆ రెండు జాబితాలనూ కలిపి, రెండుసార్లు వచ్చిన పేరును ఒక్కటిగా చేసింది. అది మంచిదే. కానీ మా అత్తవారింట్లో తాత నూకయ్యగారి పేరే మీ బావకూ, ఆయన పెదనాన్న కొడుకైన మా బావగారికీ పెట్టారు. ఇంటిపేరూ ఒకటే కదా, కంప్యూటరు ఇద్దరినీ ఒక్కరనుకుంది. పెదనాన్న కొడుకు ఒడ్డుకు రాగానే అందరూ చేరిపోయారని చూపించింది. దాంతో వెతకడానికి బయలుదేరే పడవను ఆపేశారు.

నలుగురు మగవాళ్ళ ముందు నేనెప్పుడైనా నోరు విప్పానా? ఆ రోజు రేవుకు పరుగెత్తి, "మా ఆయన రాలేదండీ, వచ్చింది మా బావగారండీ" అని ఏడ్చేశాను. సంఘం పెద్ద ధర్మరాజుగారు "ఆయ్, నిజమేనమ్మా!" అంటూ తనే పడవ తీశారు. ఇంజను ఆగిపోయి నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఊగుతున్న మీ బావ పడవకు తాడు కట్టి లాక్కొచ్చారు.

మీ బావకు నీ మీద కోపం లేదు. "మీ తమ్ముడు నన్ను మా అన్నలో కలిపేసేడే!" అని నవ్వుతున్నారు. పేరుతోపాటు పడవ నంబరు కూడా చూసి కలిపేలా మార్చు. గురువారం మళ్ళీ వేటకు వెళ్తారట. ఆలోగా వచ్చి, ఆయన పేరు విడిగా ఉందని నా కళ్ళకు చూపించు.

నీ అక్క